ఎత్తిన ఫోను

"అత్తయ్యా, ఇంక ఆగేలా లేదు," అంది కోడలు, గోడ పట్టుకుని.

దుప్పటి పిండుతున్న అత్తగారు దాన్ని అక్కడే వదిలేసింది. కొడుకు పనికి వెళ్లాడు. పురుటికి ఇంకా గడువుందన్న డాక్టరమ్మ మాట నమ్మి అందరూ నిశ్చింతగా ఉన్నారు.

అత్తగారిని వీధిలో మైకత్తయ్య అంటారు. ఆవిడ మెల్లగా మాట్లాడిందంటే ఒంట్లో ఎలా ఉందోనని పక్కింటివాళ్లు పరామర్శకు వస్తారు. అలాంటి మనిషి అంబులెన్సుకి ఫోన్ చేస్తే గొంతు పెగల్లేదు.

"మా కోడలికి... నొప్పులు..."

"భయపడకండమ్మా. ఇల్లెక్కడో చెప్పండి," అంది అటునుంచి ఒక ఆడగొంతు.

ఆవిడ చెప్పింది.

"బండి బయల్దేరింది. నేను మీతోనే ఉంటాను. ఫోను స్పీకర్లో పెట్టండి."

స్పీకర్ ఎక్కడ నొక్కాలో ఆవిడకి తెలియదు. నొప్పులు పడుతున్న కోడలే చెయ్యి చాచి నొక్కింది.

"బిడ్డ తల కనిపిస్తోందేమో చూడండి."

"నల్లగా జుట్టు కనిపిస్తోంది."

"అయితే బండి వచ్చేదాకా ఆగదు. మనమే చేద్దాం."

"మనమా? నువ్వెక్కడో కుర్చీలో కూర్చున్నావు."

"మాట నాది, చేతులు మీవి. ముందు వీధి తలుపు తీసిపెట్టి, చేతులు శుభ్రంగా కడుక్కుని, ఉతికిన తువ్వాళ్లు తెచ్చుకోండి."

ఆవిడ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి అన్నీ తెచ్చింది.

"తెచ్చాను. ఇప్పుడేం చెయ్యాలి?"

జవాబు లేదు.

"అమ్మాయ్, నిన్నే."

కాసేపటికి గాని గొంతు రాలేదు. "ఉన్నానమ్మా."

"ఎక్కడికి పోయావు? ఇక్కడ మా ప్రాణాలు పోతుంటే పక్కవాళ్లతో కబుర్లా?"

"తప్పయిపోయింది. కోడలమ్మని నాతోపాటు ఊపిరి వదలమనండి. ఇలా, మెల్లగా..."

ఫోన్లోంచి పొడుగ్గా ఒక ఊపిరి వినిపించింది. వెనకే ఇంకొకటి.

"నువ్వు బుస కొట్టింది చాలు గాని, పని చెప్పు తల్లీ."

మళ్లీ జవాబు లేదు. మైకత్తయ్యకు ఒళ్లు మండిపోయింది.

"నీ దగ్గర బుద్ధిగా పనిచేసేవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకివ్వు ఫోను."

"ఇలాంటి ఫోను మా దగ్గర ఎత్తినవాళ్లే చివరిదాకా చూస్తామమ్మా," అంది గొంతు, కూడదీసుకుని. "మధ్యలో మనిషి మారితే అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. తిట్టండి, పర్లేదు. తల వస్తుంటే అరచెయ్యి ఆనించి ఉంచండి. లాగొద్దు. బిడ్డ జారుతుంది, రెండు చేతులా పట్టుకోండి."

కోడలు పళ్లు బిగించింది. ఆ మరుక్షణమే బిడ్డ అత్తగారి చేతుల్లోకి వచ్చేశాడు.

ఏడవలేదు.

"ఏడవటం లేదే అమ్మాయ్."

"తువ్వాలుతో ఒళ్లు తుడవండి. వీపు రుద్దండి. ఇంకాస్త గట్టిగా. ఆపొద్దు, నేనున్నాను."

ఆవిడ ఏడుస్తూనే రుద్దింది.

అప్పుడు కేరుమన్నాడు. నానమ్మ పోలిక ఎక్కడికి పోతుంది, వీధి చివరిదాకా వినిపించేలా కేరుమన్నాడు.

"బొడ్డు కొయ్యకండి. తల్లి గుండెల మీద పడుకోబెట్టి ఇద్దరికీ వెచ్చగా కప్పండి," అంది గొంతు.

"మగపిల్లాడే అమ్మాయ్. అచ్చం మా ఆయన ముక్కే."

అంతలో బండివాళ్లు లోపలికొచ్చారు. ఫోను కట్టయిపోయింది.

"శుభం అని ఒక్క మాటైనా అనలేదు చూడు," అంది మైకత్తయ్య. ఆనందంతో ఉక్కిరిబిక్కిరవుతూ కూడా ఆ మాట అనడం మరవలేదు.

ఆసుపత్రికి చేరాక ఆవిడ గొంతు ఆవిడకి తిరిగొచ్చింది. పురిటి వార్డులో ఆ కథ చెప్పించుకోనివాళ్లు లేరు. ఫోన్లో పిల్ల మాట్లాడకుండా ఎలా ఊరుకుందో, ఎలా బుస కొట్టిందో అభినయించి మరీ చూపించింది. బాలింతలు కుట్లు పట్టుకుని నవ్వారు.

"మంచిదే, కాదనను. కాని నొప్పులంటే ఏమిటో దానికేం తెలుసు?" అని ముగించేది ప్రతిసారీ.

పక్క మంచం అమ్మాయి అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఏదో చెప్పబోయినట్టు రెండుసార్లు నోరు తెరిచింది గాని, మైకత్తయ్య సందిస్తేగా.

తను ఇంటికి వెళ్లే రోజున ఆ అమ్మాయి ఉయ్యాల దగ్గరికొచ్చి నిలబడింది. మనవణ్ణి తనివితీరా చూసింది. వాడి పాదం ముద్దుపెట్టుకుంది. మైకత్తయ్య అప్పుడు ఆ మూల మంచం వాళ్లకి కథ చెప్పడంలో మునిగి ఉంది.

ఆ సాయంత్రం, పురుడు రోజున అంబులెన్సులో ఇంటికొచ్చిన నర్సబ్బాయి వార్డుకి వచ్చాడు. చేతిలో స్వీట్ల పెట్టె ఉంది. ఖాళీ మంచం చూసి నీరుగారిపోయాడు.

"ఇక్కడ ఉన్న అక్క వెళ్లిపోయిందా పెద్దమ్మా?"

"పొద్దున్నే వెళ్లింది నాయనా. పాపం, నోట్లో నాలుక లేని పిల్ల. నీకేమవుతుంది?"

"మాతోనే పనిచేస్తుంది. మీతో ఏమీ చెప్పలేదా?" అన్నాడు నర్సబ్బాయి నవ్వుతూ. "ఆ రోజు మీ ఫోను ఎత్తగానే ఆమెకూ నొప్పులు మొదలయ్యాయి, ఎంతమంది లేవమన్నా మీవాడి ఏడుపు వినేదాకా కుర్చీలోంచి లేవలేదు."