విడుదల తేదీ: పద్నాలుగు

“పదిహేను” అని మళ్ళీ మార్చేశాడు మహానుభావుడు.

ఆమె కళ్ళజోడు సర్దుకుని దాన్ని తిరిగి “పద్నాలుగు” చేసింది. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన చల్లారిపోయిన టీ. ఎప్పుడో పరధ్యానంగా ఇస్త్రీపెట్టె వదిలేసి తనే కాల్చిన నల్లటి మచ్చ ఒకటి ఆ బల్ల మీద ఉంది, ముక్కు విరిగిన పడవలా. రోజూ దాని మీదే మోచెయ్యి ఆనించి కూర్చుంటుంది.

అందరూ కలిసి రాసుకునే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం అది. జీతం లేదు, భత్యం లేదు, తిట్లు మాత్రం పుష్కలం. స్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాక ఆమె అందులో పడింది. చెయ్యి తిరిగి నిర్వాహకురాలైంది. సినిమా విడుదల తేదీల మీద ఎక్కడ కొట్లాట వచ్చినా తీర్పు ఆమెదే. “నేను చూశాను, మా మామయ్య చెప్పాడు” అంటే చెల్లదు, అచ్చులో ఉన్న ఆధారం చూపించాలి. ఆ ఒక్క నియమంతో ఎంతమంది వీరాభిమానుల నోళ్ళు మూయించిందో లెక్కలేదు.

ఈసారి మాత్రం ఆ నియమాన్ని తనే అటకెక్కించింది.

సినిమా చూస్తే అంత గొప్పదేం కాదు. వారం ఆడి డబ్బాల్లోకి వెళ్ళిపోయింది. తీసినవాళ్ళే మర్చిపోయి ఉంటారు. అలాంటి సినిమా పేజీలోకి “చివరివరుస” అనే పేరుతో ఎవడో వచ్చి, అది పద్నాలుగున కాదు, పదిహేనున విడుదలైందని పట్టుబట్టాడు. “పోస్టర్లు ముందే అచ్చవుతాయి కదండీ, వాటి మీది తేదీని నమ్మకూడదు” అని మర్యాదగానే రాశాడు. ఆ మాట ఆమె కూడా పదిమందికి చెప్పిందే. అయినా పోస్టరే పట్టుకుని వేలాడింది. చివరికి ఇంకెవరూ మార్చకుండా పేజీకి తాళం వేసేసింది.

సాయంత్రం సాటి నిర్వాహకుడు ఫోన్ చేశాడు. పెద్దాయన. సైట్లో అందరూ తాతగారంటారు.

“ఏంటమ్మా ఇది? నీ గొడవలో నువ్వే తాళం వేసుకోవడమేంటి? ఇంకొకరు ఈ పని చేస్తే నువ్వు ఊరుకునేదానివా?”

“నాకు తెలుసు తాతగారూ, అది పద్నాలుగే.”

“ఎలా తెలుసు?”

“ఆ రోజు సాయంత్రం మావారు మొదటి ఆట చూశారు.”



“ఈ మాట ఇంకెవరి దగ్గరా అనకు, నవ్విపోతారు,” అన్నాడు తాతగారు. “తాళం తీసేస్తున్నా. రేపటిదాకా గడువు. అచ్చు ఆధారం ఎవరు చూపిస్తే తేదీ వాళ్ళది. నిన్ను నిర్వాహకురాలిగా ఉంచాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట్లాడదాం.”

ఆ హోదా పోతే పోనీ అనుకుంది. ఆమె భయం దాని గురించి కాదు.

ఆ పద్నాలుగో తేదీ సాయంత్రం వాళ్ళ బాబుకి ఫిట్స్ వచ్చాయి. మూడేళ్ళవాడు. పక్కింటివాళ్ళు ఆయన ఆఫీసుకి పరుగెత్తితే, మధ్యాహ్నమే వెళ్ళిపోయాడన్నారు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆమె ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. ఆయన వచ్చేసరికి అంతా అయిపోయింది. “సినిమాకి వెళ్ళాను,” అన్నాడు గోడవైపు చూస్తూ. అడిగితే ఈ సినిమా పేరూ, హాలు పేరూ చెప్పాడు.

చుట్టాలంతా దుమ్మెత్తి పోశారు. ఆమె ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత తనకి తనే సర్దిచెప్పుకుంది. సినిమా హాల్లో కూర్చున్న మనిషికి ఇంట్లో ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? అది ఆయన తప్పు కాదు, మా ఖర్మ అనుకుంది. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ కాపురం చేసింది. ఆయన కూడా మళ్ళీ సినిమా హాలు గడప తొక్కలేదు.

ఇప్పుడు ముక్కూమొహం తెలియని వాడెవడో వచ్చి, ఆ రోజు అసలు ఆ సినిమాయే లేదంటున్నాడు. వాడి చేతులు పడిపోను, అనుకుంది.

ముందుగదిలో ఆయన ఫోన్‌లో తల దూర్చి కూర్చున్నాడు. ఈ మధ్య ఆయనకి చదరంగం పిచ్చి పట్టుకుంది.

“ఇంకా తెగలేదా నీ తగాదా?” అన్నాడు తలెత్తకుండా.

“తెగుతుందిలెండి. వాడి దగ్గర ఆధారమే ఉంటే ఈపాటికి చూపించేవాడు. ఉత్త పిరికివెధవ.”

“అయ్యుండొచ్చు.” మళ్ళీ తనే, “నిజంగా చూపిస్తే?” అన్నాడు.

“ఎక్కణ్ణుంచి తెస్తాడు? మీరు చూశారుగా, మీకు తెలీదా?”

ఆయన తెర మీద బంటునొకదాన్ని ముందుకి జరిపాడు. 

“ఆట ఏమైంది?” అంది మాట మార్చడానికి.

“ఓడిపోయేలా ఉన్నా,” అన్నాడు ఆయన.

మర్నాడు పొద్దున్న ఆమె లేచి చూసేసరికి ఆధారం వచ్చి ఉంది. పాత దినపత్రిక ముక్కకి తీసిన ఫొటో. మడతల దగ్గర చిరిగింది. ఏళ్ళ తరబడి ఎవరో దాచుకున్న కాగితం. పద్నాలుగో తేదీ పేపరే. “ప్రింట్లు అందనందున, నేడు విడుదల కావలసిన మా చిత్రం రేపటి నుండి” అని ప్రకటన. కింద హాళ్ళ పేర్లు. ఆయన వెళ్ళానన్న హాలు అందులో ఉంది.

ఫొటో కింద చివరివరుస రెండు ముక్కలు రాశాడు: “ఎప్పుడో చూపించాల్సింది. ధైర్యం చాల్లేదు.”

 అబద్ధం, ఇది ఎవరో కంప్యూటర్లో కల్పించిన కాగితం, అనుకుంది. దొంగపని ఎక్కడైనా దొరక్కపోతుందా అని ఫొటోని పెద్దది చేసి, అక్షరం అక్షరం చూసుకుంటూ అంచుల దాకా వెళ్ళింది.

కాగితం పరిచిన బల్ల మీద, ఒక మూలన, ముక్కు విరిగిన పడవలా నల్లటి ఇస్త్రీపెట్టె మచ్చ కనిపించింది.