కిర్రుమనని గేటు

"మరదలా, నీ డబ్బా పీకేస్తున్నా!" కారు బానెట్ ఎత్తి స్పానర్ తిప్పుతూ అన్నాడు బావ. ఇంకో గంటలో రేసు.

"చెయ్యి తియ్ బావా! ఇంజిన్ ఆవిరితో వచ్చే నూనెని పట్టేది అదే. అది లేకపోతే సూపర్‌ఛార్జర్ ఆ నూనెని కూడా గాలితోపాటు లోపలికి తోసేస్తుంది. సగం దారిలో పొగలు కక్కుతావ్."

"పట్టిందెక్కడ తల్లీ? వారంగా రోజూ కారు తిప్పి, మర్నాడు పొద్దున్నే చూస్తున్నా. చుక్క లేదు. అలంకారానికి పెట్టావా?"

మెకానిక్ మరదలు డబ్బా అడుగునున్న కుళాయి తిప్పింది. నిజంగానే చుక్క రాలలేదు. గొట్టం తప్పుగా బిగించిందా? అదే అయితే నూనె ఈపాటికే లోపలికి చేరి ఉంటుంది. కారుని రేసుకి పంపకూడదు. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"ఇంకా బయల్దేరలేదా?" అంది వెనక నుంచి అమ్మ.

బావ ఉలిక్కిపడ్డాడు. "ఎప్పుడొచ్చారత్తయ్యా? వీధినంతా లేపే గేటు, చప్పుడే చెయ్యలేదు!"

"ఎందుకు చేస్తుంది? రోజూ మీరు లేవకముందే ఆ కుళాయి తిప్పి, గేటు కీళ్లకి పోస్తున్నాగా! మా అమ్మాయి భలే డబ్బా పెట్టింది అల్లుడుగారూ. ఎంత తీసినా మర్నాటికి మళ్లీ ఊరుతుంది."

మరదలు నడుం మీద చేతులు పెట్టుకుని బావ వంక చూసింది.

బావ తను వదులు చేసిన బోల్టుని మళ్లీ బిగించాడు. కారెక్కాక తల బయటపెట్టి అరిచాడు:

"అత్తయ్యా, వంటింటి తలుపు కూడా కిర్రుమంటోంది కదా? సాయంత్రానికి డబ్బా నింపుకొస్తా!"