మొహం చూపని మనిషి

ఆ ఊరి పేరెత్తితే చాలు, చక్రి మొహం చిట్లిస్తాడు.

ఆస్ట్రేలియా ఎడారి నట్టనడుమ, ఎర్ర దుమ్ములో ఉన్న ఆదివాసుల పల్లె అది. అతని భార్య మనోజ్ఞ అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఊరికున్న ఒక్క కొట్టునూ చక్రి నడుపుతాడు. సెలవు పెట్టి ఇద్దరూ పటమటలో మనోజ్ఞ పుట్టింటికి వచ్చారు. తిరుగు ప్రయాణం దగ్గర పడుతుంటే, ఇక వెళ్లేది లేదని చక్రి తేల్చేశాడు. మనోజ్ఞ బతిమాలింది. తను వెళ్లకపోతే అక్కడ సూది వేసే దిక్కు కూడా లేదంది. అతను వినిపించుకోలేదు. అక్కడి ఎండ పడటం లేదని మాత్రం అన్నాడు.

"అసలేమైంది బాబూ?" గారెలు వడ్డిస్తూ అడిగింది అత్తగారు సంపూర్ణమ్మ.

చక్రి మొదలుపెట్టాడు. కళ్లలో, ముక్కులో దూరే ఈగలు. కొట్టు గుమ్మంలో పడుకునే గజ్జి కుక్కలు. బొచ్చు కాలుతున్న కంగారూ తోక కంపు. సంపూర్ణమ్మ కోడికూర గిన్నెను కాస్త అవతలికి జరిపింది.

అవన్నీ భరించానన్నాడు. భరించలేనిది ఒక ముసలామెనట.

రోజూ పొద్దున్నే వచ్చి మనోజ్ఞ పక్కన అరుగు మీద కూర్చుంటుంది. ఆమెకు జడ వేస్తుంది, ఆమె కంచంలోనే తింటుంది. చక్రి బయటికి అడుగు పెడితే మాత్రం మొహాన గుడ్డ కప్పుకుని గోడవైపు తిరిగిపోతుంది. అతను కొట్లో ఉంటే గుమ్మం తొక్కదు. పలకరిస్తే పలకదు. ఒకసారి దారిలో ఎదురైతే, అతన్ని తప్పించుకోవడానికి వట్టి కాళ్లతో ముళ్లపొదల్లోకి దిగిపోయింది. అతను లేనప్పుడు కాల్చిన మాంసం తెచ్చి ఇంటి ముందు పెట్టి పోతుంది. చక్రి దాన్ని కర్రతో తోసి కుక్కలకు వేసేవాడు.

"మీ అమ్మాయేమో నాకు వాళ్లంటే అసహ్యం అనుకుంటోంది. కాదు అత్తయ్యగారూ. ఆ ముసలిదానికే నేనంటే అసహ్యం. నా నీడ పడినా మైలే దానికి."

పుట్టి బుద్ధెరిగాక తననింత చులకనగా ఎవరూ చూడలేదన్నాడు. సంపూర్ణమ్మకు ఒళ్లు మండింది. అలాంటి మనుషుల మధ్యకి కూతుర్ని పంపేది లేదంది. అత్తగారి అండ దొరికేసరికి చక్రి ఎడమ చేత్తో ఫోన్ తీశాడు. టిక్కెట్లు రద్దు చేయమని చెప్పడానికి గవర్నర్‌పేటలోని ట్రావెల్స్ ఆఫీసుకు కలిపాడు.

వంటింటి గుమ్మంలో నిలబడిన మనోజ్ఞ ఈ మాట వినడం ఇదే మొదటిసారి. గబగబా వచ్చి ఫోన్ లాక్కుని కట్ చేసింది.

"అక్కడ పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి, మీకూ తెలుసనుకున్నానండీ," అంది. "ఆవిడ నన్ను కూతుర్ని చేసుకుంది, వాళ్లలో అల్లుడికి అత్తగారు చేసే మర్యాద అదే."