జాడ లేకుండా

ఎల్లాజీ వల దింపి బీడీ వెలిగించాడో లేదో, ధనరాజు పడవ మళ్ళీ వచ్చేసింది.

ఇది వరసగా పదో రోజు. అడుగున రాళ్ళు పరుచుకుని, కోనాం చేపలు గుంపుగా తిరిగే చోటది. సముద్రమంతా గాలించి ఎల్లాజీ కనిపెట్టుకున్న చోటు. కట్టుకున్న పెళ్ళాం కూర్మమ్మకే చెప్పలేదు. అలాంటిది ఆమె తమ్ముడు, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినట్టు, తిన్నగా ఇక్కడికే వస్తున్నాడు.

"ఏటి బావా, నువ్వూ ఇక్కడికే వచ్చినావా?" అన్నాడు ధనరాజు పడవలోంచి, ఏమీ ఎరగనట్టు.

ఎల్లాజీ పళ్ళు కొరుక్కున్నాడు.

భావనపాడు ఒడ్డున కూర్మమ్మ గంప పట్టుకుని ఎదురుచూస్తోంది. వలలో వచ్చినవి గంప అడుగుకి కూడా సరిపోలేదు. మరో నాలుగు రోజులు ఇలాగే సాగితే తానూ ధనరాజూ కలిసి ఆ చోటు ఊడ్చేస్తామనీ, తర్వాత ఈ సీజనంతా గోళ్ళు గిల్లుకోవడమేననీ ఎల్లాజీ లబలబలాడాడు.

"నీ తమ్ముడికి సోటు ఎవులు సెప్పినారు?"

"నాకే సెప్పనోడివి, నానేటి సెప్తాను మావా?" అంది కూర్మమ్మ. "నీ జేబులో ఉన్నదాన్నడుగు. దానికి తెలీంది ఏటున్నాది?"

ఎల్లాజీ జేబులోంచి ఫోను తీసి, ఇంట్లో పామును చూసినట్టు చూశాడు.

ఆదివారమని శ్రీకాకుళం కాలేజీ నుంచి కూతురు అనూరాధ ఇంటికొచ్చింది. ఫోను ఆమె చేతిలో పెట్టి, ఇందులో దొంగెవరో తేల్చమన్నాడు. మధ్యాహ్నానికే ఛార్జింగు అయిపోతోందనీ, ఒక బొమ్మ నొక్కితే తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చనీ కూడా చెప్పాడు.

అనూరాధ గడప మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పింది. టార్చిలైటు యాప్‌కి ఫోన్ నంబర్లన్నీ చూసే అనుమతి ఉంది. కేలండరు యాపు మైకు వింటోంది. రోజూ వందలకొద్దీ వచ్చే గుడ్ మార్నింగ్ పూలూ దేవుళ్ళూ ఫోనంతా నిండిపోయి కూర్చున్నారు. కాసేపటికి ఆమె నవ్వడం మొదలుపెట్టింది.

"నాన్నా, రథసప్తమికి అరసవల్లిలో జనంలో తప్పిపోతామని మామయ్యకి నీ లొకేషన్ పంపించావా?"

"పంపినాను. అయితే?"

"మళ్ళీ ఆపలేదు. అప్పట్నించి నువ్వెక్కడికెళ్ళినా మామయ్య ఫోన్లో చుక్కలాగ కనబడతన్నావు."

ఎల్లాజీ బావమరిదిని నాలుగు తిట్లు తిట్టాడు. కూర్మమ్మ మాత్రం చేపల బుట్ట సర్దుకుంటూ, తన తమ్ముడు తెలివైనవాడని ముందే చెప్పానంది.

లొకేషన్ పంపడం ఆపేశాక అనూరాధ ఫోను తిరిగి ఇవ్వబోయింది. ఎల్లాజీ తీసుకోలేదు. ఒక దొంగ దొరికాడంటే లోపల ఇంకెంతమంది ఉన్నారో, తన జాడ తెలిసినవాణ్ణి ఒక్కణ్ణి కూడా ఉంచొద్దన్నాడు. ఆమె అనుమతులన్నీ తీసేసింది. వాడనివన్నీ చెరిపేసింది. చివరికి ఒకచోట ఆగింది.

"అన్నిటికన్నా ఎక్కువ బ్యాటరీ తాగేది ఇదే నాన్నా. సముద్రంలో నువ్వెక్కడ ఆగావో అంతా రాసి పెట్టుకుంటంది. ఇది..."

"అదే పెద్ద దొంగ," అన్నాడు ఎల్లాజీ, ఆమె మాట పూర్తి కానివ్వకుండా. "తీసి పారీయ్. రాసిందంతా తుడిసీయ్."

తుడిచేసింది. సాయంత్రానికి ఫోను కొత్తదానిలా ఉరికింది. మర్నాడు వేకువనే పడవ ఎక్కేటప్పటికి ఛార్జింగు ఇంకా తొంభై మీదే ఉంది. ఎల్లాజీ దాన్ని పడవలో తోడుండే రాముడికి రెండుసార్లు చూపించాడు.

గంటన్నర వెళ్ళాక వెనక్కి తిరిగి చూశాడు. నాలుగు దిక్కులా నీళ్ళే తప్ప ఒక్క పడవ లేదు. కడుపు నిండినట్టయింది. ఇంజను తగ్గించి, రోజూ లాగే ఫోను తీసి, చోటు చూపించే జెండా గుర్తు కోసం వెతికాడు.

గుర్తు లేదు. గుర్తులు పెట్టుకునే యాపే లేదు.

అనూరాధకి ఫోన్ చేశాడు. తానే తుడిచేయమన్నాడు కదా అని ఆమె మెల్లగా గుర్తు చేసింది. రాసి పెట్టుకునే ఆ యాపు వేటకి వాడేదేమో అడుగుదామనుకుంటే మాట పూర్తి కానివ్వలేదంది. పోయినది ఇక రాదని కూడా చెప్పింది.

"మీ అయ్య ఒడ్డునున్న కొండల్ని సూసి సోటు పట్టీవోడు గదా," అన్నాడు రాముడు.

"నాకా లెక్క రాదురా. ఫోనుంటే కొండల్తో పనేటనుకున్నాను."

ఇటు అరగంట, అటు అరగంట తిరిగారు. రెండుసార్లు వల దింపితే బురదే వచ్చింది. డీజిలు అడుగంటుతోంది. ఒడ్డున కూర్మమ్మ గంప తలుచుకుని ఎల్లాజీ చివరికి సిగ్గు చంపుకున్నాడు. పది రోజులు తన చోటుకి వచ్చినవాడికి ఆ చోటు తెలియకుండా ఎలా పోతుంది? ధనరాజుకి ఫోన్ కలిపాడు.

"ఒరే ధనరాజూ," అన్నాడు గొంతు తగ్గించి, "నిన్నటిదాకా మనిద్దరం వల దింపిన సోటు ఎక్కడున్నాదో కూసింత సెప్పు."

అటు నుంచి ఇంజను చప్పుడుతో పాటు ధనరాజు గొంతు వినిపించింది.

"నాకేటి తెలుస్తాది బావా? పొద్దుట్నించీ నీ సుక్క కనబడక, నానూ ఇక్కడే గిరగిరా తిరుగుతన్నాను."