ఫ్యాను చప్పుడు

హలో... హలో... అందరికీ నమస్కారమండీ. వినబడుతోందా? నేను కనబడకపోయినా ఫరవాలేదు, వినబడితే చాలు. మా కోనసీమలో జరిగిన కథొకటి చెబుతాను, కాస్త లైన్లో ఉండండి.

"ఎంటర్ కొట్టేరాండీ?" ఫోన్లో అడిగింది ఝాన్సీ.

"ఆయ్," అన్నాడు సూరిబాబు మాస్టారు.

"కొట్టలేదండి మాస్టారూ."

సూరిబాబు ఉలిక్కిపడి కీబోర్డు వంక చూసుకున్నాడు. నిజమే, కొట్టలేదు. ఎవరేమన్నా ముందు ఆయ్ అనేసి, పని సంగతి తర్వాత చూసుకోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

"మీకెలా తెలిసిందండీ?"

"మీ ఆయ్ వినబడింది గానీ మీట చప్పుడు వినబడలేదండి."

సూరిబాబు కొత్తపేట దగ్గర ఒక పల్లె హైస్కూల్లో సైన్సు మాస్టారు. పూర్వ విద్యార్థులు పాత లాప్‌టాప్ ఇస్తే దానిలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కించాడు. రేపు పదింటికి తల్లిదండ్రుల సమావేశంలో ప్రొజెక్టరుతో గోడ మీద గ్రహాలు తిప్పి చూపిస్తానని అందరి ముందూ మాటిచ్చేశాడు. తీరా చూస్తే గ్రహాల మాట దేవుడెరుగు, మౌస్ బాణమే కాళ్లీడ్చుకుంటూ నడుస్తోంది.

హెడ్మాస్టరు కాశీవిశ్వనాథం గారు కంప్యూటర్ గది గుమ్మంలోనే నిలబడ్డారు. "రేపు ఆడకపోతే ఈ గది విరిగిన బల్లలకిచ్చేస్తానండి సూరిబాబు గారూ. తర్వాత నన్నేమీ అనుకోవద్దు."

ఝాన్సీ నంబరు కాట్రేనికోనలో ఇంకో మాస్టారు ఇచ్చాడు. ఇందాక ఫోన్ చేయగానే ముందు ఆమె నాన్నగారు సాలమోను ఎత్తాడు. "నేనూ డ్రైవర్నేనండి, ముప్ఫయ్యేళ్లు ఆర్టీసీలో తోలేను. మీక్కావలసిన డ్రైవరు మాత్రం మా అమ్మాయి దగ్గరుంటుంది. దాని చేతిలో పడి లేవని కంప్యూటర్ లేదండి!" అంటూ గొప్పగా ఫోను కూతురికిచ్చాడు.

ఈసారి సూరిబాబు నిజంగానే ఎంటర్ కొట్టాడు.

"ఏమొచ్చిందో అక్షరం అక్షరం చదవండి."

"వీడియో కాల్ చేస్తానండీ, మీరే చూసేద్దురు గాని."

"వద్దండి. మీరు చదవండి, నేను వింటాను."

ఆడపిల్ల, మొహమాటం కాబోలు అనుకుని సూరిబాబు చదివాడు. "ఎల్, ఎల్, వి, ఎమ్, పైప్..."

"అదండీ సంగతి. బొమ్మలు గీయాల్సిన గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుంది. దాని పని కూడా ప్రాసెసరే మోస్తోంది. అందుకే మీ ఫ్యాను ఇందాకట్నుంచీ రైసుమిల్లులా అరుస్తోంది."

ఆమె చెప్పినట్టే ఆ కార్డుని నడిపే డ్రైవరు ప్రోగ్రాం ఎక్కించి, లాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాడు. తెర నల్లగా ఉండిపోయింది.

"బల్లలు తెప్పించేయనా అండీ?" అన్నారు హెడ్మాస్టరు గుమ్మంలోంచి.

"అంతా నలుపే అమ్మా! ఏమీ కనబడట్లేదు!"

"కంగారు పడకండి. కంట్రోలు, ఆల్టు, ఎఫ్ త్రీ ఒకేసారి నొక్కండి. అక్షరాలొచ్చేయా?"

"వచ్చేయమ్మా. పేరు కొట్టేను, పాస్‌వర్డ్ అడుగుతోంది. కొడుతుంటే ఒక్క చుక్కా పడట్లేదే!"

"పడదండి. కనబడకపోయినా లోపలికి వెళుతుంది. నమ్మి కొట్టండి."

నమ్మి కొట్టాడు. తీసుకుంది.

"మీ కార్డు పాతదండి, కొత్త డ్రైవరుతో దానికి పొసగలేదు. అది తీసేసి, ఈ కార్డుకి సరిపడే పాత డ్రైవరు వేద్దాం. నేను చెప్పింది కొట్టండి... ఆగండాగండి, మధ్యలో స్పేస్ కొట్టడం మరిచారు. ఆ మీట చప్పుడు కొంచెం బరువుగా ఉంటుంది. రాలేదు."

"చెవులా, పాము చెవులా అమ్మా అవి!"

ఝాన్సీ నవ్వింది. అరగంట గడిచింది. లాప్‌టాప్ మళ్లీ లేచింది. సూరిబాబు నోరు తెరిచేలోపే ఫోన్లోంచి కేక వినబడింది.

"పట్టిందండి మాస్టారూ! ఫ్యాను నెమ్మదించింది!"

నిజంగానే తెర కడిగిన అద్దంలా వెలుగుతోంది. బాణం చేప పిల్లలా పరిగెడుతోంది.

"ఇప్పుడు సెట్టింగుల్లో డెస్క్‌టాప్ ఎఫెక్ట్స్ తెరిచి, ఊగే విండోలకీ, తెరని తిప్పే క్యూబ్‌కీ టిక్కు పెట్టండి. విండో పట్టుకుని లాగండి. ఎలా ఉంది?"

"జున్నుముక్కలా ఊగుతోందమ్మా!"

"జున్నులానా! ఇన్నాళ్లూ నాకెవరూ ఇంత బాగా చెప్పలేదండి. మరి క్యూబు?"

"అట్టపెట్టెని తాడు కట్టి తిప్పినట్టుంది. నాలుగు పక్కలా, నేను తెరకి పెట్టిన మా పిల్లలు గీసిన నాలుగు బొమ్మలూ కనబడుతున్నాయి."

"ఎటు నుంచి ఎటు తిరుగుతోంది? అంచులెలా కలుస్తున్నాయి? నిదానంగా చెప్పండి."

పరీక్ష పెడుతోంది అనుకుని, సూరిబాబు ఎనిమిదో తరగతి కుర్రాడిలా పూసగుచ్చినట్టు అప్పజెప్పాడు. "రేపు మీరూ, నాన్నగారూ తప్పకుండా రావాలి," అన్నాడు చివర్న.

మర్నాడు ముందు వరస నట్టనడుమ రెండు కుర్చీలు వేయించాడు. అక్కడైతే ఝాన్సీకి అన్నీ బాగా కనబడతాయని. బస్సు ఆలస్యమై, కిటికీలు మూసి దీపాలు ఆర్పేశాక వచ్చారు తండ్రీకూతుళ్లు. చీకట్లో సాలమోను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూతుర్ని కూర్చోబెట్టడం చూసి, సూరిబాబు ఆట మొదలెట్టాడు.

గోడ మీద క్యూబు తిరిగింది. విండోలు ఊగాయి. గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ బయల్దేరాయి. శని వలయం కనబడగానే తల్లులు కూడా ఈలలు వేశారు.

కాశీవిశ్వనాథం గారు మైకు లాక్కున్నారు. "ఈ గది కంప్యూటర్లదేనండి! బల్లలు మా ఇంట్లో పెట్టుకుంటాను! ఇదంతా ఫోన్లోనే చక్కబెట్టిన ఝాన్సీ గారు ముందు వరసలోనే ఉన్నారు!"

అందరికంటే గట్టిగా సాలమోను చప్పట్లే వినబడ్డాయి.

"ఎలా ఉందమ్మా?" ఛాతీ విరుచుకుని అడిగాడు సూరిబాబు.

"మీరే చెప్పాలండి మాస్టారూ, నిన్న చెప్పినట్టే," అంది ఝాన్సీ. అప్పుడే ఎవరో దీపాలు వేశారు.

ఇంకొక్క మాట చెప్పి ఫోను పెట్టేస్తానండీ. అది విన్నాక ఈ కథ మీ వాళ్లందరికీ పంపండి, చదవలేని వాళ్లుంటే పక్కన కూర్చుని అక్షరం అక్షరం చదివి వినిపించండి.

ఝాన్సీ ఒళ్లో అంధుల తెల్లకర్ర మడిచి ఉంది.