ముందు వాసన చూడు

"ముందు వాసన చూడు" అన్నాడు డ్రైవరు.

భార్య కొంగు బిగించి వచ్చింది. అది ముసలి వ్యాను. ఇంజను సరిగ్గా డ్రైవరు సీటు కిందే ఉంటుంది. నిప్పంటుకుంటే ముందు కాలేది వెనకున్న బ్రెడ్డు ట్రేలు కాదు, ఆయన.

తోటి డ్రైవరు ఒకడు అలాగే పోయాడు. పెట్రోలు పైపు కారుతున్న సంగతి పాపం అతనికి తెలియలేదు. రోజూ పెట్రోలు మధ్యే బతికే డ్రైవర్లకూ మెకానిక్కులకూ ఆ ఒక్క వాసన తెలియకుండా పోతుంది. ఆ తర్వాత ఈయన వ్యాను జోలికి పోలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంట్లో పొయ్యి వెలగడం గగనమైంది.

"రోజూ నేను వాసన చూసి పంపిస్తాగా" అని ఆమె బతిమాలితేనే లేచాడు. ఒకరోజు ఆమె వద్దంది. చూస్తే పైపు చిట్లి ఉంది. అప్పటినుంచి ఆయనకు దేవుడి కన్నా ఆ ముక్కు మీదే గురి.

ఆమె సీటెత్తి, వంగి గాలి పీల్చింది. పైపు పొడుగునా వేలితో తడిమి చూసుకుంది. వ్యాను కింద నేల కూడా చూసింది.

"కొత్త పైపు వేయరాదురా?" అంది, మెకానిక్కయిన తమ్ముడితో.

"ఈ మోడలుకి రావడం మానేశాయక్కా. క్లిప్పు బిగించాను. ఎన్నాళ్లుంటుందో చెప్పలేను. బావా, పొగొస్తే ఇంజను ఆపి దూకెయ్. సీటు మాత్రం ఎత్తకు, గాలి తగిలితే భగ్గుమంటుంది. మంటలార్పే సిలిండరు తలుపు పక్కనే కట్టాను."

"మీ అక్క ముక్కుండగా సిలిండరెందుకురా!"

"అదృష్టవంతుడివి. మా ఆవిడకి ముక్కు మీద కోపం తప్ప ఇంకేం లేదు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు.

"అక్కా, లోపల పాలు మాడుతున్నాయే!"

పరుగున వెళ్లి స్టవ్ ఆపి వచ్చింది.

"ధ్యాసంతా మీ బండి మీదే" అంది భర్తతో.

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. వద్దంటే ఈయన మళ్లీ గోడవైపు తిరుగుతాడు. ఈసారి లేవడు. బేకరీ వాళ్లు ఇంకో బండి చూసుకుంటారు.

"ఏమంటావ్? వెళ్లనా?"

"వెళ్లిరండి. ఏం ఫరవాలేదు."

ఆయన నిశ్చింతగా తాళం తిప్పాడు. వ్యాను వీధి మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది.

పోయిన చలికాలం జ్వరం వచ్చి తగ్గినప్పటినుంచి ఆమె ముక్కుకు ఏ వాసనా తెలియడం లేదు.