చెరకుముక్క కట్టు

కీర్తి డాక్టరమ్మ గారికి,

నా అక్షరాలు వంకర, తప్పులు కూడా ఉంటాయి. ఐదో తరగతితో ఆపేశాను, ఏమీ అనుకోకండి.

గాయాల మీద మీరు చేస్తున్న పరిశోధనలో మా ఆయన సంగతి రాస్తున్నారట. చెరకు కత్తి కాలిమీద పడితే, గాయానికి పైన తువ్వాలు బిగించి, చెరకుముక్కతో మెలితిప్పి, రక్తం తానే ఆపుకున్నానని మీకు చెప్పారు.

సోమవారం చోడవరం మీటింగులో రైతులకూ చెబుతారట. ఇప్పుడు అరుగు మీద అదే వల్లిస్తున్నారు.

"బయపడకండర్రా! ఎవుడి కాలు ఆడే కట్టుకోవాల. నాను కట్టుకోలేదేటి?"

అది నమ్మి ఎవరైనా పక్కవాళ్ళని పిలవకపోతే ప్రాణం పోతుందమ్మా. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు ఆయన "ఓలమ్మో, రగతమే!" అని కళ్ళు తేలేశారు. కట్టింది నేను. అంతకుముందు, మీరు కట్లు నేర్పిన ట్రైనింగు నుంచి వచ్చాక, ఆయన వారంపాటు నా కాలికి కట్టి నేర్చుకోబోయారు. ఆయనకి రాలేదు, నాకు వచ్చేసింది.

108 వచ్చేసరికి తెలివొచ్చి, "నానే కట్టీసినాను" అన్నారు. నేను తలూపాను.

మీ పరిశోధనలో ఆ సంగతి మార్చి రాయండి. మీటింగులో ఆయన మాట్లాడాక, "ముందు పక్కవాళ్ళని కేకేయండి" అని మీరు చెప్పండి. ట్రైనింగుకి ఆడవాళ్ళనీ పిలవండి. నాకు నలుగురిలో నోరు పెగలదు గానీ, కట్టి చూపించమంటే వస్తాను.

కాలు నిలబెట్టాను, ఆయన పరువు కూడా నిలబెట్టాలి కదా. చదివాక ఈ ఉత్తరం పొయ్యిలో పడేయండి.

చిన్నతల్లి